గంగాబాయికి సుట్టి

ఆ శుక్రవారం పొద్దున వనజ చేసిన ఉప్మా అడుగంటింది. మామూలు రోజైతే ఎల్లారెడ్డిలోని ఆ ఇంట్లో దాని మీద చిన్నపాటి పంచాయితీ జరిగేది. ఆ రోజు మాత్రం ఎవరికీ పట్టలేదు. సతీశ్ ఫోన్లో వచ్చిన మెసేజ్‌ని మూడోసారి పైకి చదువుతున్నాడు. వనజ గరిటె పట్టుకునే వచ్చి అతని భుజం మీదుగా తొంగి చూస్తోంది.

కిస్తు తగ్గింది. ఆరేళ్ళ కింద పెంకుటిల్లు తీసేసి స్లాబు వేసుకోవడానికి బ్యాంకులో తెచ్చిన అప్పు మీద వడ్డీ దిగింది. నెలలు తగ్గించాలా, కిస్తు తగ్గించాలా అని బ్యాంకువాళ్ళు అడిగితే, కిస్తే తగ్గించమని సతీశ్ సంతకం పెట్టి వచ్చాడు. ఇక నుంచి నెలకు పదహారు వందలు మిగులుతాయి. పెద్ద సొమ్మేం కాదు. కానీ ఆరేళ్ళుగా పైసా పైసా పోగేసి బ్యాంకుకు కట్టినవాళ్ళకు అది లాటరీ తగిలినట్టే ఉంది.

ఉప్మా ప్లేట్లు ఖాళీ అయ్యేలోపు ఆ పదహారు వందల్ని ముగ్గురూ మూడు రకాలుగా ఖర్చు పెట్టేశారు. ఇంటర్ చదివే వినీత స్కూటీ అంది. వనజ తన కుట్టుమిషన్‌ను ముందర రూములోకి మార్చి, 'వనజ టైలర్స్' అని బోర్డు పెట్టాలంది. సతీశ్ ఇద్దరి మాటా విని తల అడ్డంగా ఊపాడు.

"ముందుగాల అవ్వ బీడీలు బంద్ కావాలె. నడుం వంగిపోయింది. ఇగ సుట్టి ఇద్దాం," అన్నాడు.

సుట్టి అంటే సెలవు. చుట్టడాన్ని 'సుట్టుడు' అనే ఆ ఇంట్లో మాత్రం ఆ మాట వింటే బీడీలే గుర్తొస్తాయి. సతీశ్ వాళ్ళమ్మ గంగాబాయి అప్పటికే ఎదురింటి రుక్మాబాయి అరుగు మీద చేరి, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. మనిషి పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంది. ఎవరూ పిలవలేదు.

"చెప్తే ఒప్పుకోదు. నేనే బీడీల కార్ఖానాకు పోయి చెప్పొస్త. సాయంత్రం జిలేబీ చేతిల పెట్టి చెప్దాం," అంది వనజ. ఆ ఆలోచన ఆమెకే ఎంతో ముచ్చటగా అనిపించింది. అత్తమ్మ ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుంటూ చెప్పులు వేసుకుంది.

కార్ఖానాలో ఆకు తూచి ఇచ్చే ఏసయ్య ఆమె మాట విని తల గీక్కున్నాడు. "బీడీ కార్డు తీసేసుడేనా అక్కా? సోమవారం నాడు పేర్లు పంపిస్తం. ఒక్కసారి పోతే మల్ల రాదు. పెద్దమ్మను అడిగినవా?"

"ఆమె కోసమే గదన్నా," అంటూ వనజ నవ్వేసింది. దారిలో అరకిలో జిలేబీ కట్టించుకుంది. ఇంటికొచ్చి మిషన్ తొక్కుతుంటే కాళ్ళు వాటంతటవే ఆడాయి.

మధ్యాహ్నం గంగాబాయి బీడీలు అప్పజెప్పడానికి వెళ్ళి, ఖాళీ సంచితో తిరిగొచ్చింది. కోడలు చాయ్ ఇస్తే ముట్టలేదు. కామారెడ్డిలో ట్రాక్టర్ పార్టుల దుకాణంలో పనిచేసే సతీశ్ బస్సు దిగి ఇంట్లో కాలు పెట్టేదాకా అలాగే గోడకు ఆనుకొని కూర్చుంది. అతను రాగానే ఖాళీ చాటను నట్టింట్లో పెట్టింది.

"నాకు ఆకు బంద్ చేసింది ఎవలు?"

"నేనే అత్తమ్మా. నీకు సుట్టి," అంటూ వనజ జిలేబీ ప్లేటు ముందుకు జరిపింది. అప్పటికీ ఆమె మనసులో పండుగే ఉంది.

"నేనడిగిన్నా సుట్టి?"

"అవ్వా, కిస్తు తగ్గింది. పొద్దంత నడుం నొస్తుందని మూలుగుతవ్ గదా. ఇగ హాయిగ కూసొని తిను," అన్నాడు సతీశ్.

"కూసొనే సుడుతున్న గదరా," అంది గంగాబాయి. వినీతకు నవ్వొచ్చింది కానీ, నానమ్మ ముఖం చూసి మింగేసింది. "నడుం నొస్తే నొస్తుందంటరు. గంతమాత్రానికి పని గుంజుకుంటరా? మీ బాపు పోయిన యాడాది ఈ చాట పట్టిన. నీ ఫీజులు ఈ చాటలకెళ్లే అచ్చినయ్. నా చీర నేను కొనుక్కుంట. రుక్మాబాయికి పానం బాగలేకుంటే గోలీలు నేను తెస్త. రేపటి సంది పది రూపాయలకు నీ ముందట నిలబడాల్నా?"

"మంచిగుంటదని చేస్తే గిట్ల అంటవేంది అత్తమ్మా," అంది వనజ. పొద్దుటి నుంచి పొంగిన సంతోషమంతా ఒక్కసారిగా కళ్ళలోకి వచ్చి నిలిచింది.

తల్లి కోపం, పెళ్ళాం కన్నీళ్ళు. సతీశ్ ఇద్దరినీ ఒకేసారి ఊరడించబోయాడు. "నువ్వొక్కదానివే కాదు అవ్వా. వనజ గూడ మిషన్ బంద్ చేస్తది. ఇద్దరు ఇంట్ల మంచిగుండుండ్రి."

వనజ చటుక్కున తలెత్తింది. "నేనెప్పుడన్న ఆ మాట? నా మిషన్ సంగతి నన్నడగకుంట ఎట్ల చెప్తవ్?"

అన్నాక ఆ మాట ఆమె చెవికే వినపడింది. గంగాబాయి కోడలి వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు.

"గిప్పుడెట్లున్నది బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

అత్తను పనిలోంచి తీసేసి, ఆమెకే మిఠాయి తెచ్చిన తన తెలివికి వనజకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. వెళ్ళి అత్త పక్కన కూర్చొని, ఆకు కత్తిరించీ కత్తిరించీ మొద్దుబారిన ఆ వేళ్ళు పట్టుకుంది.

"పొద్దుగాల్నే ఇద్దరం పోదాం అత్తమ్మా. అందరి ముందట నాదే తప్పని చెప్త," అంది.

"చెప్పాలె మరి," అంది గంగాబాయి. చేయి మాత్రం విడిపించుకోలేదు. తర్వాత కొడుకు వైపు చేయి చూపించింది. "సుట్టి ఎవలికియ్యాల్నో మీకు తెల్వలే. ఆరేండ్లాయె, ఈ ఇంట్ల వీనికి ఐతారం లేదు. అందరు ఇంట్ల పంటే వీడు భిక్నూర్ ధాబాల గల్లా మీద కూసుంటడు. గా ఐతారాల పైసలెన్ని?"

వినీత నెలలోని ఆదివారాలు లెక్కకట్టి చెప్పింది. "నాలుగు ఐతారాలకు పదహారు వందలు, బాపమ్మా."

పొద్దున స్కూటీ గుర్తొచ్చింది, బోర్డు గుర్తొచ్చింది, అమ్మ నడుం గుర్తొచ్చింది. సతీశ్ ఎవరికీ గుర్తు రాలేదు. సతీశ్‌కీ రాలేదు.

"నాకేమైందవ్వా, నేను మంచిగనే ఉన్న," అనబోయాడతను. ముఖం కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నీళ్ళు చల్లుకున్నాడు.

మర్నాడు కార్ఖానాలో పదిమంది ఆడవాళ్ళ ముందు వనజ తన తప్పు ఒప్పుకుంది. ఏసయ్య గంగాబాయి కార్డు తీసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు. ఆకు సంచి కోడలు మోసింది. తన బోర్డు కుట్టు పైసల్తోనే రాయించుకుంటానని దారిలో చెబితే, అక్షరాలు పెద్దగా ఉండాలంది అత్త.

ఆదివారం సతీశ్ అలవాటు కొద్దీ లేచి, స్నానం చేసి, బస్సుకు తయారై, ఇక ధాబాకు పోనక్కర్లేదని గుర్తొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఎటు పోవాలో తోచలేదు. చివరకు ఎదురింటి అరుగు మీదికి వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే బీడీల మూతులు మడిచేవాడు. ఓ ఆకు తీసి చుట్టి చూశాడు. అది వంకరగా వచ్చింది.

"సుట్టి ఇస్తే సుట్టవడితివా?" అని వనజ ముందర రూములోకి మార్చుకున్న మిషన్ దగ్గర నుంచి కేకేసింది. రుక్మాబాయి పడీ పడీ నవ్వింది. గంగాబాయి ఆ వంకర బీడీని విప్పి, పొగాకు మళ్ళీ చాటలో పోసుకుంది. కాసేపట్లో సతీశ్ అక్కడే కునికిపాట్లు పడటం మొదలుపెట్టాడు.

గంగాబాయి కొడుకును చూసింది. ఒళ్ళోని చాట తీసి పక్కన పెట్టింది. అతని తలను ఆ చోటులోకి లాక్కుంది.

"ఏందవ్వా, పట్టపగలు చాట దించినవ్?" అంది రుక్మాబాయి.

"ఇయ్యాల నాకు గూడ సుట్టే," అంది గంగాబాయి, కొడుకు జుట్టులో వేళ్ళు పెట్టి. "ఎవలు ఇయ్యలే. నేనే తీసుకున్న."