బాగుపడిన చేపలు

"నా చేపలకు జబ్బు నయమైపోయిందండి," అంది అలేఖ్య. ఆ మాట చెప్తూ కళ్ళు తుడుచుకుంది.

బ్రాడీపేటలోని ఆ డిటెక్టివ్ ఆఫీసుకు రకరకాల కష్టాలతో జనం వస్తారు గానీ, జబ్బు నయమైందని ఏడ్చేవాళ్ళు ఇంతవరకూ రాలేదు. అసిస్టెంటు వీరబాబు నోరు తెరిచాడు. డిటెక్టివ్ బాలసరస్వతి మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మొదట్నుంచీ చెప్పమ్మా."

అలేఖ్య దంతవైద్య కళాశాలలో వేలెడంత లేని జీబ్రా చేపల మీద పరిశోధన చేస్తోంది. ఆ చేపలకు పళ్ళు గొంతులో ఉంటాయి. ఊడినకొద్దీ కొత్తవి వస్తూనే ఉంటాయి. పళ్ళమీది పసుపు మరకలు పోగొట్టే జెల్ ఒకటి ఆమె గైడు జయరావు తయారుచేశాడు. అది కలిపిన నీళ్ళలో ఉన్న చేపలకు కొత్త పళ్ళు రావడం ఆగిపోయింది. పోయిన వారం కోసి చూసిన ప్రతి చేపదీ అదే కథ. ఈ ఉదయం మళ్ళీ కోసి చూస్తే పళ్ళు నిక్షేపంగా ఉన్నాయి.

"నేనే తప్పు చూశానంటున్నారు సారు. సోమవారం అద్దంకి దగ్గర బళ్ళో క్యాంపు పెట్టి ఆ జెల్ పూస్తారు. అందరూ పాలపళ్ళు ఊడే పిల్లలే మేడం."

కాలేజీ పొన్నూరు రోడ్డులో, పంటకాలువ పక్కనే ఉంది. పేషెంట్లు కూర్చునే హాల్లో పెద్ద గాజుతొట్టి. వీరబాబు దాని మీదికి చెయ్యి చాపగానే, బంగారు చేపల వెనకనుంచి చిన్న చేపల గుంపొకటి పైకి దూసుకొచ్చింది.

"చేపలకి కూడా నేనంటే ఇష్టమే మేడం."

"నువ్వంటే కాదు, నీ చెయ్యంటే. పద."

లాబ్‌లో బాలసరస్వతి మామూలు నీళ్ళ తొట్టి మీద చిటికెడు మేత పట్టుకుంది. చేపలన్నీ పైకొచ్చాయి. జెల్ తొట్టి మీద పట్టుకుంది. అవి బెదిరి అడుగున మూలకి చేరాయి. ఆమె చెయ్యి పమిటకి తుడుచుకుంది.

లాబ్ తాళాలు అలేఖ్యతో పాటు మరో ముగ్గురి దగ్గరున్నాయి. వాళ్ళను పిలిపించారు.

"చేపలు బాగుపడినా కేసేనా మేడం?" అని నవ్వాడు జయరావు.

"రోజూ మేత వేసేది నేనేనండి. ఒక్కటీ తగ్గలేదు. నిన్న మాత్రం సెలవు పెట్టా," అంది లాబ్ అటెండరు నాగజ్యోతి.

మూడోవాడు సాయికౌశిక్, జయరావు దగ్గరే చదివే కుర్రాడు.

"చేపల్ని నువ్వూ కోస్తావా బాబూ?" అనడిగింది బాలసరస్వతి.

"లేదండీ. నేను ఫలితాలు కంప్యూటర్లో ఎక్కిస్తా. నా వల్ల కాదది."

బాలసరస్వతి తలుపు దగ్గరున్న వీరబాబు చెవిలో ఏదో చెప్పి పంపించి, అందరికేసి తిరిగింది.

"లాబ్‌లో పెరిగిన చేప చెయ్యి కనపడితే మేతకొస్తుంది. కాలువలో దొరికే ఇదే జాతి చేప పారిపోతుంది. జెల్ తొట్టిలోవి నిన్న కాలువలోంచి తెచ్చినవి. పాతవి ఈపాటికి చచ్చుంటాయి, వదిలేద్దాం. అన్నట్టు, హాల్లో తొట్టి పాచి పట్టింది. బ్లీచింగ్ పోసి కడగమని మావాణ్ణి పంపించా."

సాయికౌశిక్ తలుపుకేసి తిరిగాడు. మరుక్షణం పరుగెత్తాడు. అందరూ వెళ్ళేసరికి అతను తొట్టికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. వీరబాబు చేతిలో ఖాళీ బకెట్ ఉంది.

"పొయ్యొద్దు అన్నా. అవి ఇందులోనే ఉన్నాయి." అతను ఏడుస్తున్నాడు. "చేపల్ని మార్చకపోతే థీసిస్ మీద సంతకం పెట్టనన్నారు సారు. పాతవి సింకులో పారబొయ్యమన్నారు. నాకు చేతులు రాలేదండి."

"వీడేదో అంటే సరిపోతుందా? ఇవి ఆ చేపలేనని రుజువేది?" అన్నాడు జయరావు.

"వాటి గొంతులో ఉంది. అలేఖ్యా, చూడగలవా?"

చూడాలంటే చంపాలి. గుడ్డులోంచి వచ్చినప్పట్నుంచీ ఆమె పెంచిన చేపలవి.

"ఒక్కటి చాలదా?" అన్నాడు సాయికౌశిక్.

"చాలదు. మూడన్నా చూపిస్తేగానీ నమ్మరు." అలేఖ్య నీళ్ళలో చెయ్యి పెట్టింది. ఎప్పటిలాగే అవి అరచేతిలోకి వచ్చాయి. ఆమె చెయ్యి తియ్యలేదు.

మైక్రోస్కోపు కింద మూడు గొంతుల్లోనూ కొత్త పన్ను లేదు. కబురందుకుని వచ్చిన ప్రిన్సిపాల్ అక్కడే నిలబడి ఫోన్ చేసి క్యాంపు ఆపించాడు. జయరావు తన గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

తిరిగి వెళ్తూ వీరబాబు హాల్లో ఆగాడు. తొట్టి మీదికి చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.