ఓటు లేని సగం

అమెరికాలోని ఎడిసన్ ఊళ్ళో తెలుగువాళ్ళు ఆరాధన కోసం ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చిని అద్దెకి తీసుకునేవారు. 1984 జూన్‌లో ఓ ఆదివారం, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో రత్నరాజు పిన్ని విమలకుమారి లేచి నిలబడింది.

"మా రత్నరాజుకి కృపావరంగారి అమ్మాయి ప్రేమజ్యోతితో సంబంధం కుదిర్చినందుకు దేవునికి స్తోత్రం" అంది. అందరూ ఆమేన్ అన్నారు.

రత్నరాజు చటుక్కున పిన్ని వైపు తిరిగాడు. పెద్దవాళ్ళు ఫోన్లో మాట్లాడుకున్న మాట నిజమే. కానీ ఆ అమ్మాయితో అతనింకా ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆరాధన అవగానే పార్కింగ్ లాట్‌లో ప్రేమజ్యోతి అతని కారుకి అడ్డంగా నిలబడింది. సన్నగా వాన మొదలైంది.

"మీరు ఓకే చెప్పారా?"

"లేదండీ. మీరు?"

"నన్నెవరు అడిగారు? అచ్చం నా థీసిస్‌లాగే ఉంది."

కోపంగానే అంది గానీ, రత్నరాజుకి కుతూహలం ఆగలేదు. "దేనిమీద థీసిస్?"

"1910లో బెల్జియం పార్లమెంట్ ఎలక్షన్. దేశంలో సగం ప్రాంతాల్లోనే ఓటింగ్. మిగతా సగానికి ఆ ఏడాది వంతు రాలేదు."

ఈ మాట చెప్తే మన ఆంటీలూ అంకుల్సూ "దానికి జాబ్ వస్తుందా అమ్మా?" అని అడుగుతారు. మందుల కంపెనీలో కెమిస్టు రత్నరాజు మాత్రం తడుస్తూ నిలబడి ఆలోచించాడు.

"మరి ఆ రోజు ఓటు లేని సగం ఏం చేసిందండీ?"

ఆమె చూపు మెత్తబడింది. "అది తెలుసుకోడానికే సెప్టెంబర్‌లో బ్రస్సెల్స్ వెళ్ళాలి. ఏడాది పాటు. పెళ్ళయితే అదంతా మానేయాలని మీ పిన్నిగారు మా అమ్మతో అన్నారట."

తను నోరు మెదపకుండా ఊరుకుంటే చాలు, ఈ అమ్మాయి తనకి దక్కుతుంది, బ్రస్సెల్స్ ఆమెకి దక్కదు. అలా దక్కించుకోవడం రత్నరాజుకి మనస్కరించలేదు.

లోపల అందరూ టీ తాగుతున్నారు. అతను తిన్నగా వెళ్ళి పిన్ని పక్కన నిలబడ్డాడు.

"మా పిన్ని కొంచెం తొందరపడిందండీ. సంబంధం ఇంకా కుదరలేదు. ప్రేమజ్యోతిగారు బ్రస్సెల్స్ వెళ్తున్నారు. తిరిగొచ్చాక ఔనో కాదో ఆవిడే చెప్తారు. నాకైతే ఆవిడంటే ఇష్టం. వెయిట్ చేస్తాను."

విమలకుమారి టీ కప్పు పక్కన పెట్టేసింది. కృపావరంగారు వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని చూశారు.

"నువ్వేమంటావు తల్లీ?"

ప్రేమజ్యోతి తడిసిన జడని వెనక్కి వేసుకుంది.

"బ్రస్సెల్స్ వెళ్తాను నాన్నా. ఈయన్ని పెళ్ళి చేసుకునే వెళ్తాను."