మంగళవారం ఇంగ్లీషు

"విమానం టేక్ ఆఫ్ అయింది" అని ఎబో క్వాన్సా చదవగానే అరబా చేతిలో పెన్ను బల్ల మీద పడేసింది.

"మాస్టారూ, మన ఊళ్లో విమానం ఎక్కినవాళ్లెవరు?"

"ఎక్కకపోతేనేం, ఆకాశంలో పోతుంటే చూస్తున్నారుగా?"

"చూస్తే సరిపోతుందా? కెంకే ముద్దలు అమ్మే ఆవిడ రేపు పొద్దున్న ఈ ముక్క ఎవరితో వాడుతుంది?"

"పుస్తకంలో అలానే ఉంది."

"అయితే పుస్తకాన్నే తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టండి. మీరెందుకు, నేనెందుకు?"

ఎబోకు ఒళ్లు మండింది. ఆయన బడిలో ఇంగ్లీషు మాస్టారు. ఆమె మా రేడియో స్టేషన్లో చేపల ధరలు, చావు కబుర్లు మా ఫాంటే భాషలో చదివే అమ్మాయి. ఎదురు చెబుదామని నోరు తెరిచాడు గానీ, ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు. అందుకు ఇంకా మండింది.

మంగళవారం మా తీరంలో ఎవరూ పడవ దించరు. అది సముద్రానికి విశ్రాంతి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటారు, ఆడవాళ్లు పొగపొయ్యిల దగ్గర చేపలు తిరగేస్తుంటారు, అందరి పక్కనా ఒక రేడియో మోగుతూ ఉంటుంది. ఇంగ్లీషు పాఠానికి ఇంతకంటే మంచి రోజు దొరకదని స్టేషన్ వాళ్లు ఈ ఇద్దరినీ ఒక గదిలో పడేశారు. మా దగ్గర పుట్టిన వారాన్ని బట్టే పేరు పెడతారు; వీళ్ల పేర్లే చెబుతాయి, ఇద్దరూ మంగళవారం పుట్టినవాళ్లే. ఇద్దరికీ పంతమెక్కువ.

చివరికి అరబా మాటే నెగ్గింది. పాఠంలో క్వామెనా అని ఒక పడవవాడు, ఎసి అని ఒక అమ్మాయి. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. ఎబో రాస్తాడు, అతను క్వామెనాగా, అరబా ఎసిగా చదువుతారు, ఆ తర్వాత అరబా అంతా ఫాంటేలో విడమరిచి చెబుతుంది.

క్వామెనా పోయిన వల కోసం ఒడ్డంతా లుక్ ఫర్ చేశాడు. ఎసి జ్వరంతో పడుకున్న తల్లిని లుక్ ఆఫ్టర్ చేసింది. ఇంట్లో ఉప్పు రన్ ఔట్ అయింది, క్వామెనా అప్పు తెస్తానని వెళ్లి కబుర్లలో పడ్డాడు, ఇద్దరూ ఫాల్ అవుట్ అయ్యారు. అంటే మాటలు మానేశారు.

ఆ వారం ఎబోకు బజారులో నడవడం కష్టమైపోయింది.

"ఏం మాస్టారూ, ఆ పిల్లను అలా ఏడిపిస్తారా?" కుట్టుమిషన్ ఆపి మరీ ఒకావిడ నిలదీసింది.

"ఏడిపించింది నేను కాదమ్మా, క్వామెనా."

"గొంతు మీదేగా!"

ఈ మాట అరబాకు చెబితే పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసిన దగ్గర్నుంచే మాస్టారు పని చెడింది. క్వామెనా మాటల్లో మెత్తదనం పెరిగింది. "నువ్వు రాని రోజు ఒడ్డు బోసిగా ఉంటుంది" అంటాడు క్వామెనా. ఇందులో నేర్చుకోవలసిన ఇంగ్లీషు ముక్క ఏదో ఎవరికీ అర్థం కాలేదు. అరబా మాత్రం ఏమీ అడగకుండా చదివేసింది. కాస్త నెమ్మదిగా చదివింది.

ఒక మంగళవారం పాఠం మధ్యలో వాన పట్టుకుంది. స్టేషన్ పైకప్పు రేకులది. ఆ మోతలో మైకుకు ఏమీ వినబడదు. పాట వేసి, మైకులు కట్టేసి ఇద్దరూ కూర్చున్నారు. కిటికీలోంచి జల్లు అరబా మోచేతి మీద పడుతోంది. ఆమె చెయ్యి తీసుకోలేదు. ఎబో ఆ చేతినే చూస్తున్నాడు.

"క్వామెనా ఎసికి చెబుతాడా, చెప్పడా?" అని అడిగింది.

"చెబుతాడు."

"ఎప్పుడు?"

"ఆ పాఠం ఇంకా రాలేదు."

"పాఠం వచ్చేదాకా ఎసి అలా కూర్చుని ఉండాలా?"

ఎబో నవ్వేశాడు. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడమని పిల్లలకు ఎన్ని రకాలుగానో చెప్పాడు. సమావేశం వాయిదా, ప్రయాణం వాయిదా. మనిషి తన మనసునే రోజూ రేపటికి నెట్టుకుంటూ పోవచ్చని ఏ పుస్తకంలోనూ రాయలేదు. వాన తగ్గింది. మైకులు తెరిచారు.

తర్వాతి వారం ఎబో తెగించాడు. క్వామెనా చేత ఇంగ్లీషులో అనిపించాడు: "ఇక పుట్ ఆఫ్ చెయ్యలేను ఎసీ. నీతో సెటిల్ డౌన్ అవుతాను. శనివారం మావాళ్లు మీ తలుపు తడతారు."

చదవడం అయ్యాక అరబా కాగితం బల్ల మీద పెట్టింది. తర్వాత ఫాంటేలో చెప్పింది. "అంటే, ఇక ఆగలేడట. నాతో కాపురం పెడతాడట. శనివారం వాళ్ల పెద్దవాళ్లు మా ఇంటికి వస్తారట." ఎసి పేరు ఎత్తనే లేదు. కావాలని ఎత్తలేదో, మరిచిపోయిందో ఆమెకే తెలియాలి.

పొయ్యి దగ్గర చేపలు తిరగేస్తున్న ఎకువా పెద్దమ్మ చేతిలో పుల్ల జారిపోయింది. ఎబోను చిన్నప్పట్నుంచి పెంచింది ఆవిడే. ఇంగ్లీషు రాదు. ఫాంటే మాత్రం ఒక్క ముక్క వదలదు.

శనివారం పొద్దున్న ఎబో లేచేసరికి పెద్దమ్మ మంచి గుడ్డ కట్టుకుని, పిల్లనడగడానికి పట్టుకెళ్లే రెండు జిన్ను సీసాలు తెల్లగుడ్డలో చుడుతోంది. మేనమామ అప్పుడే వచ్చి కూర్చున్నాడు.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"ఎక్కడికంటాడేమిటి! తీరమంతా వినేలా రేడియోలో చెప్పి, ఇంట్లో నాకు మాత్రం చెప్పవు. పెంచినందుకు ఇదా మర్యాద?"

"అది పాఠం పెద్దమ్మా! ఉత్త ఉదాహరణ!"

"పెళ్లి మాట ఉత్తగా ఎవడంటాడ్రా? అదీ ఆ పిల్ల మొహం మీదే! వాళ్ల నాన్న పాపా ఎవుసీ నిన్న మనిషిని పంపి మరీ కుర్చీలు తెప్పించాడు. ఇప్పుడు వెళ్లకపోతే ఆ పిల్ల ఒడ్డున తలెత్తుకు తిరుగుతుందా?"

ఎబో ఆ సీసాల వంక చూశాడు. ఈ సీసాలు వెనక్కు తిప్పితే అరబాకు పరువు తక్కువ. ముందుకు సాగనిస్తే, ఒక్కసారైనా తను నోరు విప్పి అడగని అమ్మాయి పదిమంది ముందు జవాబు చెప్పుకోవాలి. ఇది తన పిరికితనం చేసిన పని. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

అరబా వాకిట్లో కుర్చీలు తుడుస్తోంది.

"మావాళ్లు వస్తున్నారు. వాళ్లు పొరబడ్డారు అరబా. నీకిష్టం లేకపోతే లేదని చెప్పు. తప్పంతా నాదేనని అందరి ముందూ నేనే ఒప్పుకుంటాను."

ఆమె గుడ్డ పిండి పక్కన పెట్టింది. "పొరపాటా?"

"అంటే…"

"అది పాఠమని నాన్నకు నేనూ చెప్పాను. ఆయన నమ్మలేదు. మంగళవారం నుంచి నాకూ నిద్ర లేదు, అది పాఠమో కాదో తెలియక. ఇప్పుడు మీరొచ్చి పొరపాటంటున్నారు. ఇన్నాళ్లూ చదివినవన్నీ ఉదాహరణలేనా మాస్టారూ?"

"కాదు. ఉదాహరణ అనుకుంటే తప్ప నాకు ధైర్యం రాలేదు."

ఆమె కళ్లు తడిశాయి. ఏదో అనబోయింది. అప్పటికే పెద్దమ్మ గొంతు గుమ్మం దగ్గర వినబడింది.

పెద్దలు కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు. మేనమామ లేచి, మీ పెరట్లో ఒక మంచి పువ్వు చూశాం, అడిగి కోసుకుందామని వచ్చాం అని పద్ధతిగా చెప్పి సీసాలు బల్ల మీద పెట్టాడు. పాపా ఎవుసీ కూతుర్ని పిలిపించాడు. ఇలాంటప్పుడు అడిగే మాట మా దగ్గర ఒకటే. మూడుసార్లు అడగాలి.

"అరబా, ఈ సీసాలు పుచ్చుకోమంటావా?"

"ఎవరు పంపారు నాన్నా?"

"రేడియోలో చెప్పినతను."

"రేడియోలో చెప్పింది క్వామెనా. అతను నాకు తెలియదు. ఇక్కడ నా కోసం వచ్చినవాళ్లెవరైనా ఉంటే వాళ్లనే చెప్పమను."

పెద్దమ్మ ఉలిక్కిపడింది. పెళ్లికొడుకు నోరెత్తే సభ కాదది. ఎత్తితే మర్యాద తప్పినట్టు. మేనమామ ఎబో భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఎబో ఆ చెయ్యి మెల్లగా తీసి లేచి నిలబడ్డాడు. మట్టి కాళ్లు, నలిగిన చొక్కా. ఇంగ్లీషు ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు. తల్లి భాషలోనే మాట్లాడాడు.

"నేను ఎబోను. క్వామెనా ఎప్పుడూ లేడు అరబా, అన్నీ నేనే. నువ్వంటే నాకిష్టం. వాన రోజునే చెప్పాల్సింది, భయపడ్డాను. నువ్వు కాదంటే ఈ సీసాలు నేనే మోసుకుపోతాను. నీ మీద మాట రానివ్వను."

పాపా ఎవుసీ గొంతు సవరించుకున్నాడు.

"అరబా, పుచ్చుకోమంటావా?"

"పుచ్చుకో నాన్నా."

"ఇంకోసారి అడుగుతున్నాను. బాగా ఆలోచించుకో. పుచ్చుకోమంటావా?"

అరబా తండ్రి వైపు చూడలేదు. మట్టికాళ్లతో నిలబడ్డ ఆ మనిషినే చూస్తూ, రేడియోలో ఎన్నడూ వినబడనంత చిన్న గొంతుతో అంది:

"పుచ్చుకో. ఆయన పెదవి విప్పేదాకా ఆగాను కదా. ఇక ఆగలేను."