ఎర్ర మూత, నీలం మూత

ఏజెంట్ గంగయ్య శవం రాజమండ్రి రేవులో తేలిన రోజే సాటి గూఢచారి హరిబాబుకి ఫోనొచ్చింది.

"చచ్చేముందు ఒక్కటే చెప్పాడు, 'బాంబు కోసం వెతక్కండి' అని," అన్నాడు చీఫ్. "టార్గెట్ కోరుకొండ రోడ్డులో హైడ్రోజన్ ప్లాంటు. ఓపెనింగ్ రేపే. వాయిదా కుదర్దు."

నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీయడం కొత్తేం కాదు. ఖర్చంతా కరెంటుదే. ఘనపు మీటరుకి అయిదు యూనిట్లు మింగే పనిని ఇంజనీరు లక్ష్మీప్రసన్న మిషను నాలుగుతో సరిపెడుతోంది. అది నిలబడితే ఇక్కడ గ్యాసు అమ్ముకునే విదేశీ ముఠా దుకాణం కట్టేయాల్సిందే.

మర్నాడు హరిబాబు ఫొటోగ్రాఫర్ వేషంలో దిగాడు. కెమెరాలో బాంబు డిటెక్టర్.

"ఎర్ర మూత సీసా హైడ్రోజన్‌దండి, నీలం మూతది ఆక్సిజన్‌ది," చూపించింది లక్ష్మీప్రసన్న. "నీళ్ళలో హైడ్రోజనే రెట్టింపు. అందుకే మిషను నడిస్తే ఎర్రదాంట్లో బుడగలెక్కువొస్తాయి. అది సిలిండర్లకి పోద్ది. ఆక్సిజన్ ఇక్కడే గాల్లోకి వదిలేస్తాం."

చలవ కళ్ళద్దాల సూర్యకళ పక్కకొచ్చి నిలబడింది. ముఠాలో మన మనిషి.

"వెనక జనరేటర్ రూములో ఉందండి బాంబు," అంది పెదవి కదపకుండా.

హరిబాబు పరుగెత్తాడు. మూలమూలా వెతికాడు. డిటెక్టర్ కిక్కురుమనలేదు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గంగయ్య మాట చెవిలో గింగిరాలు తిరుగుతోంది.

వెనక్కొచ్చేసరికి మిషను తిరుగుతోంది. పెద్దమనుషుల కోసం ఏసీలు వేసి తలుపులన్నీ మూసేశారు. హాలు నిండా జనం. సూర్యకళ లేదు.

నీలం మూత సీసా కుతకుతలాడుతోంది. ఎర్రదాంట్లో బుడగలు సగమే.

హరిబాబుకి అర్థమైంది. కరెంటు తీగలు తారుమారు చేశారు! హైడ్రోజన్ హాల్లోకే వస్తోంది. తేలిక వాయువు, సీలింగు కింద పేరుకుని ఉంటుంది. ఇక బాంబెందుకు? కొత్త మిషను తిరిగిందంటే గోదావరి జిల్లాల్లో దానికి హారతి ఇవ్వకుండా ఉండరు. నిప్పు మనవాళ్ళే పెడతారు.

లక్ష్మీప్రసన్న తల్లి జగదాంబ పళ్ళెంలో కర్పూరం మండుతోంది. ఆవిడ చేయి పైకి లేస్తోంది.

"అమ్మా, ఆగండి!"

మేళంలో ఎవరికీ వినపడలేదు. జనాన్ని తోసుకుంటూ దూకి, మంటని అరచేత్తో అదిమేశాడు. చర్మం కమురు వాసన.

"తలుపులు తీయండి! స్విచ్చులు ముట్టుకోకండి! మెయిన్ బయట ఆపండి!"

లక్ష్మీప్రసన్న బయటి కరెంటు రూముకి పరుగెత్తింది. మెయిన్ లాగేశాక చూసింది: ఎర్ర తీగ, నల్ల తీగ అటుదిటు. ప్యానెల్ మీద చలవ కళ్ళద్దాలు.

సాయంత్రం చీఫ్ ఫోను. "సూర్యకళని ఎయిర్‌పోర్టులో పట్టుకున్నాం. అక్కడెలా ఉంది?"

"అందరూ క్షేమం సార్," కట్టుకట్టిన చేతిని ఊదుకున్నాడు హరిబాబు. "కానీ జగదాంబగారు ఊరంతా చెబుతున్నారు, విదేశీ ఏజెంటుని నేనేనని."