కితానో వాలులో మధ్యాహ్న భోజనం

"ఫిల్మ్ చేతులు మారేదాకా కదలకు. మారాక కూడా కదలకు. ఇది ఆర్డర్." చెవిలో చీఫ్ కుబోజోనో గొంతు.

కోబే నగరం, కితానో వాలు, లూలూ బిస్త్రో అనే చిన్న ఫ్రెంచ్ హోటల్. నెరిసిన విగ్గు, చేతికర్రతో రిటైరైన సంగీతం మాస్టారి వేషంలో ఏజెంట్ సెరిజావా కిటికీ పక్కన కూర్చున్నాడు. కళ్లద్దాల కాడలో రేడియో ఉంది.

"ఏం మాస్టారూ, సూప్ చల్లారిపోతోంది! ఉల్లిపాయలు వేయించీ వేయించీ నా చేతులు పడిపోయాయి," అంది యజమానురాలు నోబుయె, రొట్టె బుట్ట పక్కన చాప్‌స్టిక్స్ పెడుతూ.

"కట్టుడు పళ్లమ్మా. వేడి తగ్గాలి."

"నాలుకైనా అసలుదేనా?"

పక్క టేబుల్ దగ్గర ఆఫీసు అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

సెరిజావా చూపు మాత్రం మూడో టేబుల్ మీదే ఉంది. ఆకుపచ్చ పట్టు గౌనులో మెరిసిపోతున్న చిగుసా. విదేశీ ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. నిజానికి ఆమె సెరిజావా పనిచేసే గూఢచారి శాఖ మనిషి. ఎదురుగా ముఠా ప్రతినిధి వెర్నర్. రెండేళ్లు శ్రమపడి శాఖ తయారుచేసిన సబ్‌మెరైన్ దొంగ నక్షాల ఫిల్మ్‌ను వాడికి అంటగట్టాలి.

చిగుసా రొట్టె తుంచి అతని పళ్లెంలో పెట్టింది. అందులోని ఫిల్మ్ క్షణంలో వెర్నర్ జేబులోకి చేరింది.

ఆమె అద్దం తీసి లిప్‌స్టిక్ సరిచేసుకుంటోంది. వెర్నర్ ఉంగరం ఆమె వైన్ గ్లాసు మీద ఆగింది. తెల్లటి పొడి రాలింది.

సెరిజావా రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "చీఫ్, గ్లాసులో ఏదో కలిపాడు!"

"తెలుసు. సరుకు తెచ్చినవాళ్లని వాళ్లు బతకనివ్వరు."

"ముందే తెలుసా? ఆమెకి చెప్పారా?"

"కదలకు అన్నాను."

"నేను తిరిగి రాకపోతే మా అమ్మకి ఏం చెప్తారు?" అని నిన్ననే అడిగింది చిగుసా. "నేనక్కడే ఉంటాగా," అన్నాడు తను.

ఆమె గ్లాసెత్తింది. పెదవులకి ఆనబోతోంది.

"బాత్రూమ్ ఎటమ్మా?" అంటూ లేచిన మాస్టారు తూలి మూడో టేబుల్ మీద అమాంతం పడ్డాడు. గ్లాసు పగిలి వైన్ చిగుసా గౌను మీద చిమ్మింది. టేబుల్ మీది సూపంతా వెర్నర్ తెల్ల ప్యాంటు మీద ఒలికింది.

"ముసలాయనా, కళ్లు కనబడవా? పట్టు గౌను పాడుచేశావు కదయ్యా!" చిగుసా విరుచుకుపడింది.

"తప్పయిపోయింది తల్లీ, తప్పయిపోయింది." వంగి వంగి దణ్ణాలు పెడుతూ ఆమెకి మాత్రమే వినబడేలా గొణిగాడు, "వైన్‌లో విషం. వంటింట్లోంచి వెళ్లిపో."

ఆమె ముఖంలో కోపం అలాగే ఉంది, నెత్తురు మాత్రం ఇంకిపోయింది. "కడుక్కుని వస్తాను," అని లోపలికి నడిచింది.

బిస్త్రో అంతా వెర్నర్‌నే చూస్తోంది. వెర్నర్ జేబు తడుముకున్నాడు. సరుకు భద్రం. తిట్టుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

కాసేపటికి రేడియో గరగరలాడింది. "వాడికి అనుమానం రాలేదు, ఓడెక్కుతున్నాడు. చిగుసా మన కారులో ఉంది. అయినా నువ్వు ఆర్డర్ ధిక్కరించావు. రిపోర్టులో ఏం రాయాలి?"

"విషం సంగతి మీకు ముందే తెలుసని మీరు రాయండి, చీఫ్. ముసలాడు కాలుజారి పడ్డాడని నేను రాస్తాను."