ఒంటితుమ్ముకి రద్దయిన సెషన్

కూతురు పైడితల్లి అంబులెన్సులో పురిటి నొప్పులతో మెలికలు తిరుగుతుంటే, సింహాచలమ్మ అరుగు మీద నిలబడి తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

"ఆగే!" అని కోడలిని కేకేసింది. "లోపలికొచ్చి, కూచుని, నీళ్ళు తాగి ఎల్లు."

కోడలు నూకరత్నమే ఆ బండి డ్రైవరు. లారీలకు భయపడదు గానీ అత్తకు భయపడుతుంది. వచ్చింది, కూర్చుంది, తాగింది, పరిగెత్తింది. బండి స్టార్టవలేదు.

మా గరువుపాలెంలో ఇప్పుడు తాళాలు లేవు. గడప దాటుతూ ముఖం చూపిస్తే ద్వారబంధంలోని యంత్రం లాగిన్ చేసి టోకెన్ ఇస్తుంది. అంటే కంటికి కనబడని చీటీ. అదున్నంతసేపు బండీ, మోటారూ "నువ్వెవరు?" అని మళ్ళీ అడగవు. ఆ నమ్మకం పేరే సెషన్. కనిపెట్టింది కంప్యూటర్లలో డాక్టరేటు చేసిన హైమవతి. మహా తెలివైన మనిషి. చెప్పులెక్కడ విడిచిందో మాత్రం రోజూ ఎవరో ఒకరు చెప్పాలి.

ఆవిడ వచ్చి బండి తెర చూసింది. "ఒకే ముఖం రెండు నిమిషాల్లో రెండుసార్లు లాగిన్ అయింది. దొంగ పని అనుకుని యంత్రం రెండు సెషన్లూ రద్దు చేసింది. ఊళ్ళోవాళ్ళలో ఈ బండికి చెల్లేది ఆ ముఖమొక్కటే, అరగంట ఆగాలి."

"దొంగేటమ్మా? నా కోడలే! తుమ్మితే ఆగాలని దానికి తెల్దా?"

"నేను నేర్పలేదండీ."

"మరేటి చదివేవు?"

ఊళ్ళో ఇంకో బండి లేదు. లాప్‌టాప్‌తో విడిపిస్తానని హైమవతి ఇంటికి పరిగెత్తింది. దాన్ని పట్టుకుని బయటికొచ్చి, కళ్ళజోడు మరిచానని మళ్ళీ లోపలికెళ్ళింది. గడప ఆవిడనూ దొంగల్లో కలిపేసింది. లాప్‌టాప్ తెరుచుకోలేదు.

బండిలోనే కాన్పయింది. ఆడపిల్ల. కానీ పైడితల్లికి రక్తం ఆగలేదు. సింహాచలమ్మ పిల్లను ఎత్తుకుని డ్రైవరు సీటు దగ్గరికి పరిగెత్తింది. ఆమె చేతుల్లో పిల్ల కళ్ళు తెరిచి, ముఖాలు గుర్తుపట్టే బండి తెరవైపు చూసింది. టింగుమంది. ఇంజను కదిలింది.

"కొత్త ముఖం కదా, ఏ మచ్చా లేదు," అని గొణిగింది హైమవతి. "వయసు అడగమని నేను రాయలేదు."

సమయానికి ఆసుపత్రి చేరారు. పైడితల్లి బతికింది.

చిక్కల్లా ఒకటే. మొదటి లాగిన్ ఏ వస్తువులో జరిగితే ఆ వస్తువు ఆ ముఖానికే రాసిపెట్టేస్తుందట యంత్రం. మార్చాలంటే ఓనరు నోటితో ఒప్పుకోవాలట. ఓనరుకి ఇంకా మాటలు రాలేదు.

నిన్న సర్పంచికి గుండెనొప్పి వస్తే ఎనిమిదిమంది ఉయ్యాల చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. పైడితల్లి అందర్నీ బయటికి తోసింది.

"ఇప్పుడే పడుకుంది. సర్పంచి గార్ని కాసేపు చప్పుడు చెయ్యకుండా నొప్పి పడమనండి."