మెలిక విప్పిన కనెక్టర్

సోమవారం టెస్ట్ ట్రాక్ మీద ఒక కారు గోడని గుద్దింది. డ్రైవర్ అక్కడికక్కడే పోయాడు. పాపం, బ్రేక్ తొక్కాడు, కానీ ఆ సంగతి చక్రాలకి చేరలేదు. ఈ కారులో పెడల్ చెప్పేదంతా ఒకదానికొకటి మెలేసిన రెండు సన్నటి తీగల మీద డేటాగా వెళుతుంది. దాన్ని ఎవరో మధ్యలోనే మింగేశారు.

"విదేశీ ముఠా పని," అన్నాడు చీఫ్. "గురువారం పదకొండింటికి రెండో కారు. అదీ పోతే ప్రాజెక్ట్ మూతపడుతుంది."

"డ్రైవర్ ఎవరు సార్?"

"మీ బావ."

ఏజెంట్ సెవెంటీన్ కేసు ఫైలు తనవైపు లాక్కున్నాడు.

గురువారం పొద్దున అతికించిన మీసంతో, కనెక్టర్ల శాంపిల్ పెట్టెతో, సేల్స్‌మన్ వేషంలో వైరింగ్ షాపులో దిగాడు. చొక్కా గుండీలో కెమెరా, వాచీలో బావ హెల్మెట్‌కి కలిపిన వైర్‌లెస్. అక్కడ బెంచీ దగ్గర తీగలు కట్టే ముసలావిడని అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడ అతని సరుకంతా లాగి చూసి, ఇది వేడికి కరుగుతుంది, అది కుదుపుకి ఊడుతుంది అని పక్కకి నెట్టేసి, బొమ్మ కార్లవాళ్ళకి అమ్ముకోమంది.

పదిన్నరకి కన్సల్టెంట్ వచ్చింది. నల్ల కళ్ళజోడు, ఎర్ర స్కార్ఫ్. షాపులో పనంతా ఒక్క క్షణం ఆగిపోయింది. ముఠాలో మనం దింపిన మనిషి ఈమేనని చీఫ్ ముందే చెప్పాడు.

"బంగారు పూతా, తగరం పూతా?" అడిగాడు సెవెంటీన్.

"నీళ్ళు దిగకపోతే చాలు," అందామె. కోడ్ సరిపోయింది.

షాపు బయట నిలిపిన బావ కారులో, డాష్‌బోర్డ్ వెనకున్న కనెక్టర్‌లో ముఠా చిప్ పెట్టిందని గుసగుసగా చెప్పి, తీగతో సహా సిద్ధం చేసిన కొత్తది అతని చేతిలో పెట్టింది. అతను ఏడు నిమిషాల్లో మార్చేశాడు. కారు ట్రాక్ మీదకి వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకుంటూ పాతదాన్ని బెంచీ మీద పడేశాడు.

పెద్దమ్మ దాన్ని అందుకుంది. "ఇది నేను కట్టింది. లక్షణంగా ఉంది. ఎందుకు పీకావు?"

సెవెంటీన్ ఫోన్ తీశాడు. గుండీ కెమెరా తీసిన కొత్తదాని ఫోటో ఆవిడకి చూపించాడు.

"రెండు తీగల మెలికని వేలెడు మేర విప్పేశారేంటి?" అంది. "కనెక్టర్ దాకా మెలిక ఉండాలి నాయనా. ఇంత విప్పారంటే బయటి సిగ్నల్‌ని పిలిచి పీట వేసినట్టే. మా షాపులో ఎవరూ ఇలా చెయ్యరు."

గడియారంలో పదకొండు. కిటికీ అవతల బావ కారు గోడ వైపు దూసుకుపోతోంది.

సెవెంటీన్ వాచీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "బావా, పెడల్ నమ్మకు. హ్యాండ్‌బ్రేక్ లాగు."

హ్యాండ్‌బ్రేక్‌ది పాతకాలపు ఇనప కేబుల్. దానికి డేటాతో పనిలేదు. టైర్లు కీచుమన్నాయి. కారు గిర్రున సగం తిరిగి, గోడకి జానెడు దూరంలో ఆగింది. గ్యాలరీలో లిప్‌స్టిక్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్ నొక్కుతూనే ఉన్న కన్సల్టెంట్ చేతులకి చీఫ్ మనుషులు బేడీలు వేశారు.

సెవెంటీన్ పరుగున వెళ్ళి బావని కావలించుకున్నాడు. కన్నీళ్ళు ఆగలేదు. అప్పటికే పెద్దమ్మ వెనకాలే వచ్చి సెవెంటీన్‌ని నానా మాటలూ అంటోంది.

బావ హెల్మెట్ తీశాడు. "ఇంతకీ నా కారుకి ఆ కనెక్టర్ బిగించిన దరిద్రుడు దొరికాడా?"

"దొరికాడు బావా," అన్నాడు సెవెంటీన్. "పెద్దమ్మ ఇంటరాగేషన్ మొదలుపెట్టింది."